289 అని అమ్మిన 1966 మస్టాంగ్: గుర్తింపు, మెరుగుదలపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని కారు 1966 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్, అంటే రెండు తలుపుల కూపే. యజమాని డాలస్ శివార్లలో ఉంటున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఫొటోలూ ఒక చిన్న వీడియో మాత్రమే చూసి కాలిఫోర్నియాలో కొని, ట్రక్కు మీద తెప్పించుకున్నారు. అమ్మకం ప్రకటనలో ‘ఒరిజినల్ 289 వి8, ఆటోమేటిక్, తుప్పు లేదు’ అని ఉంది. 289 అంటే ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం, వి8 అంటే ఎనిమిది సిలిండర్లది. నా వర్క్‌షాప్‌కు ఆయన తెచ్చిన కోరికల జాబితాలో ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు (హైవే మీద ఇంజన్ తిరుగుడు తగ్గించేది), అల్యూమినియం రేడియేటర్, 17 అంగుళాల చక్రాలు, ఏసీ ఉన్నాయి. బ్రేకుల ఊసు ఎక్కడా లేదు. హైవే మీద ఒక వేగం దాటితే కారు వణుకుతోందనీ, చక్రాలు మారిస్తే అదీ పోతుందనీ ఆయన అనుకున్నారు.

జాబితా ఏదైనా సరే, పాత అమెరికన్ కారు వచ్చినప్పుడు మొదట అది నిజంగా ఏ కారో తేల్చుకోకుండా నేను ఒక్క భాగం కూడా ఆర్డరు పెట్టను. ఈ కార్లకు విడిభాగాలు ఈనాటికీ పుష్కలంగా దొరుకుతాయి. ఇబ్బంది వచ్చేదీ అక్కడే. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు ఒక వరుస భాగాలు, వి8 మస్టాంగ్‌కు వేరొక వరుస. ఇంజన్ మీదుండే భాగాల దగ్గరికి వస్తే, 1960ల నాటి వి8కీ 1980ల నాటి వి8కీ మధ్య ఇంకో తేడా. అరవై ఏళ్లలో నలుగురైదుగురు యజమానులు చేతులు పెట్టిన బండిలో ఈ మూడు వరుసల భాగాలూ కలిసిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఈ కారులో సరిగ్గా అదే జరిగింది.

నంబర్లు చెప్పిన సంగతి

1966 మస్టాంగ్ గుర్తింపు సంఖ్య డ్రైవర్ వైపు, అంటే ఎడమవైపు, ఇంజన్ గది లోపలి రేకు పైఅంచు మీద అచ్చుగుద్ది ఉంటుంది. ఫెండర్‌కు (చక్రం పైనుండే బయటి రేకుకు) అక్కడ చిన్న గంటు పెట్టి ఉండడం వల్ల బానెట్ ఎత్తగానే అది కనిపిస్తుంది. అదే సంఖ్యను ఫెండర్ల కింద, కంటికి కనపడని చోట కూడా గుద్దారు కాబట్టి అనుమానం వస్తే ఫెండర్ విప్పి సరిపోల్చుకోవచ్చు. ఇప్పటి 17 అక్షరాల సంఖ్య 1981 మోడళ్ల నుంచే తప్పనిసరి అయింది. అంతకు ముందువి పొట్టివి. బీమా కంపెనీల ఆన్‌లైన్ ఫారాలు ఈ పొట్టి సంఖ్యను తిరగ్గొడుతుంటే కొత్తగా కొన్నవాళ్లు తమ కాగితాలే దొంగవేమోనని కంగారు పడుతుంటారు. ఆ భయం అక్కర్లేదు.

ఈ కారు మీద సంఖ్య 6ఆర్07టి అని మొదలై, తర్వాత ఆరంకెల వరుస సంఖ్యతో ముగిసింది. 6 అంటే 1966 మోడల్. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే కర్మాగారం; డియర్‌బోర్న్‌లో తయారైతే ఎఫ్, న్యూజెర్సీలోని మెటుచెన్‌లో తయారైతే టి వచ్చేది. 07 అంటే హార్డ్‌టాప్. అయిదో స్థానంలో ఉన్న టి అసలు సంగతి చెప్పింది: 200 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, ఒకే గొంతు కార్బ్యురేటర్, 120 హార్స్‌పవర్. ఇది 289తో పుట్టిన కారే అయితే అక్కడ సి గానీ, ఎ గానీ, మరీ అరుదుగా కె గానీ ఉండాలి. రెండు గొంతుల కార్బ్యురేటర్‌తో 200 హార్స్‌పవర్‌ది సి, నాలుగు గొంతులతో 225 హార్స్‌పవర్‌ది ఎ, 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్ ఇంజన్‌ది కె.

డ్రైవర్ తలుపు వెనక అంచున రివెట్లతో బిగించిన వారంటీ ప్లేటు కూడా ఇదే సంఖ్యను చూపించింది. తలుపు మార్చిన కార్లలో ఆ ప్లేటు తలుపుతో పాటే పోతుంది; పైగా కొత్త ప్లేట్లు అచ్చువేయించి అమ్మేవాళ్లున్నారు. అందుకని ఒక్క ప్లేటును చూసి దేన్నీ ఖాయం చేయకూడదు. ఇక్కడ మాత్రం ప్లేటు, పైకి కనిపించే అచ్చు, ఫెండర్ కింది అచ్చు మూడూ కలిశాయి. ప్లేటు మీది 65ఎ అంటే మామూలు లోపలి అలంకరణతో వచ్చిన హార్డ్‌టాప్, ఎం అంటే వింబుల్డన్ వైట్ రంగు, 18సి అంటే మార్చి 18, 71 అంటే లాస్ ఏంజెలస్ అమ్మకాల జిల్లా, గేర్‌బాక్సు గడిలోని 6 అంటే సి4 అనే ఫోర్డ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. నెలల అక్షరాల్లో ఐ వాడలేదు కాబట్టి ఆగస్టు దాటాక లెక్క ఒక అక్షరం ముందుకు జరుగుతుంది; సెప్టెంబరుకు జె వస్తుంది.

1967 మోడల్ నుంచి అయితే ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్టు తెప్పించుకుని, కారు ఫ్యాక్టరీ నుంచి ఏయే సరంజామాతో బయటికొచ్చిందో కాగితం మీద చూసుకోవచ్చు. 1966కు ఆ సౌకర్యం లేదు. బండి మీద మిగిలిన ఆనవాళ్లే మనకు దిక్కు. గ్రిల్లూ డాష్‌బోర్డూ 1966వే: సన్నని అడ్డ గీతల మధ్య తేలుతున్నట్టున్న గుర్రం బొమ్మ, అయిదు గుండ్రటి మీటర్లు. అయితే ముందు భాగమంతా బోల్టులతో ఊడివచ్చేదే కాబట్టి మోడల్ సంవత్సరానికి గ్రిల్లును నేను సాక్ష్యంగా తీసుకోను.

ముందు ఫెండర్ల మీద 289 అని రాసి ఉన్న బిళ్లల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఫ్యాక్టరీలో వి8 కార్లకే వచ్చే బిళ్లలవి. చక్రం విప్పి ఫెండర్ లోపలివైపు దీపం పెట్టి చూస్తే, గుర్రం బొమ్మకు వేసిన రంధ్రాల అంచుల మీద పాత రంగు చుట్టూ పరుచుకుని ఉంది. 289 బిళ్ల రంధ్రాల అంచుల మీద మాత్రం డ్రిల్లు లేపిన రేకు పొర అలాగే ఉంది, దాని మీద రంగు లేదు, చుట్టూ పల్చగా తుప్పు పట్టింది. ఫ్యాక్టరీలో రంధ్రం వేసిన తర్వాతే రంగు పడుతుంది. ఇక్కడ రంగు పడ్డ చాలా ఏళ్లకు రంధ్రం వేశారు.

ఇంజన్ ఎక్కడిది?

289కీ, దాని తర్వాత 1968లో వచ్చిన 302కీ బయట నుంచి చూస్తే తేడా దాదాపుగా తెలియదు. సిలిండర్ వ్యాసం రెండింటికీ 4 అంగుళాలే; పిస్టన్ ప్రయాణం 289లో 2.87 అంగుళాలు, 302లో 3 అంగుళాలు. అమ్మినవారు 289 అని నమ్మి అమ్మారో, నమ్మించి అమ్మారో నేను చెప్పలేను. ఈ రెండు ఇంజన్లనూ చూపుతో పోల్చుకోవడం కష్టమన్నది మాత్రం వాస్తవం.

సెల్ఫ్ మోటారు విప్పి, కుడివైపు బ్లాకు కింది భాగాన పోత నంబరు చదివాం. ఇ6ఎస్ఇ అని మొదలైంది. ఫోర్డ్ పోత నంబర్లలో మొదటి అక్షరం దశాబ్దం: సి అంటే 1960లు, డి అంటే 1970లు, ఇ అంటే 1980లు. రెండో స్థానంలోని అంకె ఆ దశాబ్దంలో సంవత్సరం. ఇది ఆ భాగం నమూనా తయారైన సంవత్సరమే తప్ప పోత పోసిన సంవత్సరం కాదని గుర్తుంచుకోవాలి. ఒకే నమూనాను ఏళ్ల తరబడి పోస్తారు. పోత పోసిన తేదీ వేరే గుర్తుగా ఉంటుంది, ఈ బ్లాకు మీద అది 8ఎఫ్14, అంటే 1988 జూన్ 14. హెడ్ల మీద ఇ7టిఇ అని ఉంది. ఈ రెండూ కలిపితే 1980ల చివరి 5.0 లీటర్ల 302 అని తేలింది. కార్బ్యురేటర్ కింది మానిఫోల్డు ఎలాగూ ఆయిల్ కారుతోంది కాబట్టి దాన్ని విప్పాం. లోపల ట్యాపెట్లను (క్యామ్ అనే కడ్డీ మీద కూర్చుని వాల్వులను తోసేవి) పట్టి ఉంచే స్పైడర్ అనే స్టీలు పట్టీ కనిపించడంతో రోలర్ క్యామ్ ఇంజనేనని, అంటే ట్యాపెట్ల కింద చిన్న చక్రాలున్నదేనని, సందేహం తీరింది.

యజమానికి ఫోను చేసి ఈ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు పడిపోయింది. “అయితే అన్నా, ఇంజన్ మార్చేసి నన్ను ముంచారన్నమాట.”

“ఇంజన్‌తో పేచీ లేదండీ, ఈ బండిలో అన్నిటికన్నా మంచి సామాను అదే. దాని చుట్టూ ఉన్న బండి ఇంకా ఆరు సిలిండర్లదే, అదీ మన సమస్య” అన్నాను.

ఆ మాట ఓదార్పు కోసం అన్నది కాదు. అసలైన 289 హెడ్లు సీసం కలిపిన పెట్రోలు కాలానివి; వాటి వాల్వ్ సీట్లు గట్టిపరిచినవి కావు. 1980ల హెడ్లకు ఆ బెంగ లేదు. పాత క్యామ్ మీద ట్యాపెట్లు రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి వాటికి జింకు ఎక్కువున్న ఆయిల్ వెతికి పోయాలి. రోలర్ క్యామ్‌కు మామూలు ఆయిల్ చాలు. 1987లో మస్టాంగ్‌లో వచ్చిన 5.0 హెచ్‌ఓ (హై అవుట్‌పుట్, అంటే ఎక్కువ శక్తి) ఇంజన్‌కు ఫోర్డ్ 225 హార్స్‌పవర్ అని ప్రకటించింది. 1966లో ఎ కోడ్ 289కీ అదే అంకె. కానీ 1966 నాటి లెక్క ఇంజన్‌ను స్టాండు మీద ఒంటరిగా తిప్పి తీసినది; 1972 నుంచి అమెరికన్ కంపెనీలు సైలెన్సరూ ఫ్యానూ ఆల్టర్నేటరూ అన్నీ తగిలించి కొలిచిన లెక్కకు మారాయి. అంకె ఒకటే కనిపించినా రెండో ఇంజన్‌దే పైచేయి. కంప్రెషన్ పరీక్షలో ఎనిమిది సిలిండర్లూ దగ్గర దగ్గరగా వచ్చాయి. కలెక్టర్ల మార్కెట్‌లో పుట్టింటి ఇంజన్ ఉన్న సి కోడ్ కారుకు వచ్చే ధర ఈ కారుకు రాదు, ఆ నష్టం నిజమే. తోలుకోవడానికి మాత్రం ఇది మెరుగైన ఇంజన్.

వణుకు, దాని వెనక ఉన్న కారణం

వణుకు చక్రాలదో, డ్రైవ్ షాఫ్టుదో, ఇంజన్‌దో తేల్చడం సులభం. బండిని నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ నొక్కాం. రెండు వేల ఆర్‌పీఎం దాటగానే స్టీరింగు వణకడం మొదలైంది, వేగం పెంచేకొద్దీ డాష్‌బోర్డు అద్దాలు కూడా గలగలలాడాయి. చక్రాలు తిరగకుండానే వస్తోంది కాబట్టి చక్రాలు నిర్దోషులు. ఫ్యాన్ బెల్టు తీసేసి క్షణకాలం నడిపినా వణుకు తగ్గలేదు. నీళ్ల పంపు, ఆల్టర్నేటర్ కూడా తప్పించుకున్నాయి. మిగిలింది క్రాంకూ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) దాని రెండు చివరలూ.

ఫోర్డ్ ఈ చిన్న వి8 క్రాంకుల సమతూకాన్ని పూర్తిగా లోపలే సరిచేయలేదు. కొంత బరువును క్రాంకు ముందు చివరన ఉండే బ్యాలెన్సర్ అనే చక్రం మీద, కొంత బరువును వెనక గేర్‌బాక్సు వైపుండే ఫ్లెక్స్‌ప్లేటు అనే పలక మీద ఒక పక్కకు ఉంచి సరిచేసింది. 1980 దాకా ఆ అసమతూకం 28 ఔన్సు-అంగుళాలు. 1981 నుంచి 302కు 50. రెండింటి భాగాలూ ఒకదాని చోట ఒకటి ఇట్టే బిగుస్తాయి. 1960ల బ్యాలెన్సర్‌కు పుల్లీ మూడు బోల్టులతో బిగుస్తుంది, 1970 నుంచి నాలుగింటితో. ఈ ఇంజన్ ముందు కనిపించినవి మూడు బోల్టులు. అంటే ఇంజన్ బిగించినవారు పాత వి-బెల్టు పుల్లీలు కలవాలని 289 బ్యాలెన్సర్‌నే తగిలించారు. గేర్‌బాక్సు ముందున్న కింది మూత తీసి ఫ్లెక్స్‌ప్లేటు మీది బరువును చూస్తే అది సరైన 50దే. ఒక చివర 28, ఇంకో చివర 50. ఈ తేడాతో ఎంతకాలం నడిచిందో తెలియదు గానీ, ఇంకొంతకాలం నడిస్తే క్రాంకు బేరింగులు మిగిలేవి కావు. 50 ఔన్సుల నాలుగు బోల్టుల బ్యాలెన్సరూ దానికి తగ్గ పుల్లీలూ వేసి బెల్టు వరుస సరిచూశాక ఇంజన్ అయిదు వేల దాకా నున్నగా తిరిగింది. 17 అంగుళాల చక్రాలు కొని ఉంటే ఆ డబ్బంతా వృథా అయ్యేది.

ఇదే సందర్భంలో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, కూడా సరిచూశాం. 289కూ మామూలు 302కూ అది 1-5-4-2-6-3-7-8. 1982 నుంచి వచ్చిన 5.0 హెచ్‌ఓకు 1-3-7-2-6-5-4-8. ఇందులో ఏది సరైనదో చెప్పేది క్యామ్ మాత్రమే. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ పైఅంచుకు తెచ్చి, క్రాంకును చేత్తో ఇంకో పావుచుట్టు తిప్పితే 3, 5 సిలిండర్ల పిస్టన్లు రెండూ పైకి వస్తాయి. వాటిలో ఒకదాని వాల్వులు రెండూ పూర్తిగా మూసుకుని ఉంటాయి, రెండోదానివి రెండూ కాస్త కాస్త తెరుచుకుని ఉంటాయి. మూసుకున్నది ఏదో అదే ఒకటి తర్వాత పేలే సిలిండర్. ఇక్కడ మూడోది మూసుకుని ఉంది, కాబట్టి హెచ్‌ఓ క్యామ్. ప్లగ్ వైర్లు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి; ఇంజన్ బిగించినవారికి ఆ మేరకు తెలిసే చేశారు.

వారికి తెలియనిది డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న పళ్లచక్రం. పాత 289 డిస్ట్రిబ్యూటర్‌కు పోత ఇనుము పళ్లచక్రం ఉంటుంది, పాత క్యామ్‌కు అది సరిపోతుంది. రోలర్ క్యామ్ స్టీలుది. దాని మీద పోత ఇనుము నిలవదు, స్టీలు పళ్లచక్రమే కావాలి. డిస్ట్రిబ్యూటర్‌ను పైకి లాగి చూస్తే పళ్లు కత్తి అంచుల్లా సన్నబడి ఉన్నాయి, వేలితో తాకితే బూడిద రంగు జిగురు అంటింది. ఆయిల్ చాంబర్ దించితే అదే జిగురు అడుగున పేరుకుని ఉంది. ఆ పళ్లు తెగితే ఇంజన్ ఆగిపోవడంతో సరిపోదు: ఆయిల్ పంపును తిప్పేది కూడా ఆ కడ్డీయే. స్టీలు పళ్లచక్రంతో వచ్చే కొత్త ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వేశాం. పాయింట్ల కాలంలో కాయిల్‌కు వోల్టేజి తగ్గించి ఇవ్వడానికి ఫోర్డ్ పెట్టిన గులాబీ రంగు నిరోధక తీగను తప్పించి, ఇగ్నిషన్ నుంచి నేరుగా 12 వోల్టులు వచ్చేలా రిలే ద్వారా కొత్త తీగ లాగాం. ఆయిల్ పంపు, బేరింగులు చూశాం. క్రాంకు మీద గీతలు పడలేదు.

ఆరు సిలిండర్ల కారు మీద వి8 బరువు

ఆరు సిలిండర్ల మస్టాంగ్‌ను గుర్తుపట్టడానికి బానెట్ ఎత్తనక్కర్లేదు. చక్రానికి నాలుగు బోల్టులుంటే ఆరు సిలిండర్లది, అయిదుంటే వి8. ఈ కారుకు ముందూ వెనకా నాలుగే. అందంగా ఉన్న చక్రపు మూతల వల్ల ప్రకటన ఫొటోల్లో అది కనబడలేదు. దాని అర్థం ఏమిటంటే ముందు 9 అంగుళాల డ్రమ్ములు, సన్నని స్పిండిళ్లు (చక్రం తిరిగే ఇరుసు మొనలు), చిన్న బేరింగులు, సన్నని స్టీరింగు లింకులు, మెత్తని కాయిల్ స్ప్రింగులు. వెనక 7.25 అంగుళాల యాక్సిల్. వెనక నుంచి చూస్తే బోల్టులతో బిగించిన మూత ఉంటుంది. వి8కు వచ్చే 8 అంగుళాల యాక్సిల్‌కు వెనక మూత ఉండదు, లోపలి పళ్లచక్రాల పెట్టె ముందు వైపు నుంచి ఊడి వస్తుంది. 120 హార్స్‌పవర్‌కు తూచి ఇచ్చిన బ్రేకుల మీద, యాక్సిల్ మీద దాదాపు రెండింతల శక్తిని ఎక్కించి వదిలేశారు.

అదీ చాలదన్నట్టు 1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్ ఒకే గది గలది. ఎక్కడ ఒక్క గొట్టం చిట్లినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచే ఫోర్డ్ రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఇచ్చింది. డాలస్ ఫ్రీవేల మీద ఈ స్థితిలో కారు నడపవద్దని యజమానికి రాతపూర్వకంగా చెప్పి, ఆయన జాబితాను పక్కన పెట్టించాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

నాలుగు బోల్టుల హబ్బు మీద అయిదు బోల్టుల చక్రం ఎక్కించే అడాప్టర్లు మార్కెట్లో దొరుకుతాయి. వాటితో రూపం వి8లా మారుతుంది, స్పిండిలూ డ్రమ్మూ అలాగే ఉంటాయి. అందుకే వాటిని నా షాపులోకి రానివ్వను. 1970ల ఫోర్డ్ గ్రనాడా నుంచి స్పిండిళ్లూ డిస్కులూ తెచ్చి వేయడం ఒకప్పుడు చవకైన దారి. కానీ వాటి స్టీరింగు చేయి ఆకారం వేరు. టై రాడ్ చివర్లు మార్చుకోవాలి, మార్చినా గతుకుల్లో స్టీరింగు తనంతట తాను తిరిగే గుణం పెరుగుతుంది. యజమాని కొత్త భాగాలకు ఖర్చు పెట్టగలనన్నారు కాబట్టి, వి8 స్పిండిళ్లతో పాటు 1965-67 మస్టాంగ్‌లకు ఐచ్ఛికంగా వచ్చిన కెల్సీ-హేస్ నాలుగు పిస్టన్ల డిస్కు బ్రేకుల కొత్త తయారీ సెట్టును ఎంచుకున్నాం. ఇది 1966లో ఫ్యాక్టరీయే ఇచ్చిన అమరిక. విడిభాగాలు రేపు ఎవరికైనా పేరు చెబితే దొరుకుతాయి, దానికి తగిన 14 అంగుళాల చక్రమూ దొరుకుతుంది.

వెనకకు 57.25 అంగుళాల వెడల్పు గల 1966 నాటి 8 అంగుళాల యాక్సిల్, 10 అంగుళాల డ్రమ్ములతో సహా దొరికింది. దాని నిష్పత్తి 3.00, అంటే డ్రైవ్ షాఫ్టు మూడు చుట్లకు చక్రం ఒక చుట్టు. ఇక్కడ ఓవర్‌డ్రైవ్ కోరిక గురించి లెక్కవేసి చూపించాను. 195/75ఆర్14 టైరు ఎత్తు 25.5 అంగుళాలు, ఈ యాక్సిల్‌తో గంటకు 70 మైళ్ల వద్ద ఇంజన్ 2,770 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, కన్వర్టర్ జారుడు కలిపితే ఇంకాస్త ఎక్కువ. 0.67 ఓవర్‌డ్రైవ్ ఉన్న ఏఓడీ గేర్‌బాక్సు వేస్తే అది 1,860 దగ్గరికి తగ్గుతుంది. తేడా ఉన్న మాట నిజమే, కానీ వారాంతాల్లో తిరిగే కారులో ఆ తేడా కోసం మంచి స్థితిలో ఉన్న సి4ను పీకేయడం నాకు సబబుగా తోచలేదు. పైగా ఏఓడీలో థ్రాటిల్ కేబులు సర్దుబాటు కొంచెం తప్పినా క్లచ్ పట్టీలు కాలిపోతాయి.

బ్రేకు గొట్టాలన్నీ కొత్తవి వేసి, రెండు గదుల మాస్టర్ సిలిండర్ బిగించాం. వెనక డ్రమ్ముల లైనులో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే 10 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వు ఉండాలి, ముందు డిస్కుల లైనులో అది ఉండకూడదు, ఉంటే ప్యాడ్లు డిస్కును అంటిపెట్టుకునే ఉంటాయి. డ్రమ్ము కార్ల కోసం చేసిన మాస్టర్ సిలిండర్లలో ఆ వాల్వు నోటి దగ్గరే దాగి ఉంటుంది. డిస్కులకు మార్చుకున్నాక ప్యాడ్లు త్వరగా అరిగిపోతున్నాయని వచ్చే కార్లలో ముందుగా నేను వెతికేది దాన్నే. వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే, సర్దుకోగల ప్రొపోర్షనింగ్ వాల్వును వెనక లైనులో పెట్టి, ఖాళీ పార్కింగ్ స్థలంలో గట్టిగా బ్రేకు వేస్తూ వెనక చక్రాలు ముందువాటికన్నా తర్వాతే పట్టుకునేలా సరిచేశాం. బూస్టర్ పెట్టలేదు, పెడల్ కొంత బరువుగా ఉంటుంది, అయినా నమ్మకంగా ఉంటుంది.

ముందు సస్పెన్షన్

మస్టాంగ్ ముందు కాయిల్ స్ప్రింగు పైచేయి (చక్రాన్ని పట్టి ఉంచే పై కడ్డీ) మీద కూర్చుని షాక్ టవర్ అనే రేకు గూడులోకి వెళ్తుంది. అందువల్ల గతుకుల దెబ్బంతా టవర్ రేకు మీద పడుతుంది. మెత్తని స్ప్రింగుల మీద వి8 బరువు పడి కారు ముక్కు కిందికి వాలి, రబ్బరు అడ్డుల మీద పదేపదే కొట్టుకున్నట్టు ఆనవాళ్లున్నాయి. ఎడమ టవర్‌లో పైచేయి బోల్టుల పక్కన మసి తుడిచి చూస్తే వెంట్రుకవాసి చీలిక కనిపించింది. చీలిక చివరన చిన్న రంధ్రం వేసి ఆపి, వెల్డింగ్ చేసి, లోపలివైపు పలక అతికాం. రెండు టవర్లనూ వెనక గోడకు కలిపే ఎక్స్‌పోర్ట్ బ్రేసు, టవర్ల మధ్య మాంటె కార్లో బారు కూడా వేశాం. చవకైన భాగాలే అయినా ఈ కారు నిర్మాణానికి వీటివల్ల కలిగే మేలు చాలా ఎక్కువ.

స్ప్రింగులు దించిన చేత్తోనే పైచేయి బిగింపు రంధ్రాలను ఒక అంగుళం కిందికి జరిపాం. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ రూపొందించిన ఈ మార్పును 1965 షెల్బీ జీటీ350లో వాడారు. మలుపులో బయటివైపు చక్రం పైకి లేచేటప్పుడు లోపలికి వాలి, టైరు రోడ్డును నిండుగా పట్టుకుంటుంది. డ్రిల్లు చేయడానికి అచ్చు పలకలు దొరుకుతాయి. వి8 స్ప్రింగులు, కొత్త స్టీరింగు లింకులు వేసి అలైన్‌మెంటుకు పంపాం. 1966 నాటి పుస్తకంలో ఇచ్చిన కొలతలు ఆనాటి బయాస్ టైర్లకు రాసినవి. రేడియల్ టైర్లకు అవి పెడితే హైవే మీద కారు అటూ ఇటూ తిరుగుతుంది. కాంబర్ (చక్రం పక్కకు వాలు) మైనస్ అర డిగ్రీ, కాస్టర్ (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలు) ప్లస్ రెండున్నర డిగ్రీలు, టో-ఇన్ (ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉండడం) అంగుళంలో ఎనిమిదో వంతు అని చీటీ రాసిచ్చాను. 1965-66 కార్లలో ఈ కాంబర్, కాస్టర్ రెండూ పైచేయి వెనక పెట్టే పలుచని రేకుల మందంతోనే సరిచేయాలి. 1967 నుంచి పద్ధతి మారింది. కంప్యూటర్ తెర మీది ఫ్యాక్టరీ అంకెలకే కారును తెచ్చే షాపుకు ఈ పని ఇవ్వకూడదు.

మిగతావి

పెట్రోలు ట్యాంకు పైరేకే ఈ కారులో డిక్కీ నేల. వెనక నుంచి బలంగా గుద్దితే ట్యాంకుకూ ప్రయాణికులకూ మధ్య ఉండేది సీటు వెనక అట్ట మాత్రమే. అక్కడ స్టీలు పలక బిగించాం. ఇంజన్ మార్చినప్పుడు మెకానికల్ పంపు చోటును పలకతో మూసేసి డిక్కీ పక్కన కరెంటు పంపు పెట్టారు. ప్రమాదం జరిగినా తాళం చెవి తిప్పి ఆపేదాకా అది పెట్రోలు తోడుతూనే ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్చును ఆ లైనులో చేర్చాం, ఎథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేశాం.

వైరింగులో ఎక్కువ పని లేదు. హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చు గుండా పోకుండా రిలేలు పెట్టాం, ఇంజన్ నుంచి బాడీకి కొత్త ఎర్తు పట్టీ వేశాం.

‘తుప్పు లేదు’ అన్న మాటను పరీక్షించడానికి ముందు అద్దం కింద ఉండే గాలి జాలీలో మగ్గుతో నీళ్లు పోసి, లోపల డాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాను. కుడివైపు నీళ్లు బొట్లుబొట్లుగా తివాచీ మీద పడ్డాయి. ఆ జాలీ కింద గాలి లోపలికి వచ్చే గొట్టం చుట్టూ రేకు తినేయడం ఈ మస్టాంగ్‌లకు మామూలే. సరిగ్గా బాగుచేయాలంటే ముందు అద్దం తీసి పైరేకును వందకు పైగా వెల్డు చుక్కల దగ్గర విప్పాలి. ఇప్పటికి ప్లాస్టిక్ మూతలు అతికించి నీళ్లు ఆపాం. రంగు వేయించే రోజున ఆ పని పెట్టుకోవాలని నిర్ణయించాం.

కారును అప్పగించేటప్పుడు పోత నంబర్ల ఫొటోలు, గుర్తింపు సంఖ్య అర్థం, వేసిన ప్రతి భాగం ఏ కారుది ఏ సంవత్సరానిది అనే పట్టిక ఒక ఫైలులో పెట్టి ఇచ్చాను. విలువ ముందే ఒప్పుకుని రాసే బీమాకు ‘1966 హార్డ్‌టాప్, టి కోడ్, 1988 నాటి 5.0 ఇంజన్’ అనే రాయించారు. మిగిలిన పనుల్లో మొదటిది ముందు సీట్లకు మూడు చోట్ల బిగించే బెల్టులు. ఈ మోడల్‌కు భుజం బెల్టు తగిలించే చోటు లేదు కాబట్టి పైకప్పు పక్కన పలక అతికి నట్టు వెల్డు చేయాలి. దాని తర్వాత రేడియేటర్. ఏసీ విషయం వచ్చే వేసవికి ముందు, ఆల్టర్నేటర్ సామర్థ్యం తేల్చుకున్నాకే చూద్దామని అనుకున్నాం.